చిన్న ఆసుపత్రిలో టెలీ-ఐసీయూ: ఏడాదిన్నర వాడాక

ఆరు పడకల ఐసీయూ ఉన్న ఒక గ్రామీణ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా ఏడాదిన్నరగా నేను ఈ సేవను వాడుతున్నాను. ప్రతి పడకకూ ఎదురుగా గోడ మీద అటూ ఇటూ తిరిగే కెమెరా, ఒక తెర, నొక్కగానే దూరాన ఉన్న కేంద్రానికి పిలుపు వెళ్లే మీట ఉంటాయి. మానిటర్‌లోని నాడి, రక్తపోటు, ఆక్సిజన్ అంకెలు ఎప్పటికప్పుడు ఆ కేంద్రానికి చేరుతుంటాయి, అక్కడ క్రిటికల్ కేర్ నిపుణులు రాత్రంతా మేలుకొని వాటిని గమనిస్తుంటారు. పగటిపూట కూడా అలాంటి నిపుణులు లేని మాకు ఈ సేవ ఏమిటో మొదటి వారంలోనే తెలిసివచ్చింది.

న్యుమోనియాతో ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న ఒకాయనకు అర్ధరాత్రి దాటాక శ్వాసనాళంలోకి గొట్టం వేసి, వెంటిలేటర్ మీద ఒక్కో శ్వాసకు 500 మిల్లీలీటర్ల గాలి పెట్టాను. తెర మీదికి వచ్చిన వైద్యురాలు ముందుగా, "సిస్టర్, టేపు తెచ్చి ఆయన ఎత్తు కొలుస్తారా?" అని అడిగారు. 165 సెంటీమీటర్లు వచ్చింది. ఊపిరితిత్తుల పరిమాణం ఎత్తును బట్టే గాని ఒంటి బరువును బట్టి ఉండదు కనుక, ఆ ఎత్తున్న పురుషుడికి ఎత్తును బట్టి లెక్కలోకి తీసుకోవలసిన బరువు సుమారు 61.5 కిలోలేనని, కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున 370 సరిపోతుందని చెప్పి, ప్లాటో ప్రెషర్ (గాలి లోపలికి వెళ్లి ఆగినప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి) 30 దాటడం లేదని తేలేదాకా ఆవిడ తెర మీదే ఉన్నారు. ఇది నేను చదవని విషయం కాదు. ఒక్కడినే ఉన్న ఆ వేళ గుర్తుకు రాలేదు, అంతే.

అమెరికాలోని వర్జీనియాలో సెంటారా ఆసుపత్రులు 2000లో ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పటి నుంచి ఫలితాలు ఒక్క తీరుగా లేవు. 2009లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో మొత్తం మీద మరణాలు తగ్గినట్లు తేలలేదు, 2011లో అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనంలో ఆసుపత్రి మరణాలు 13.6 శాతం నుంచి 11.8 శాతానికి తగ్గాయి. మొదటిదానిలో దాదాపు మూడింట రెండొంతుల రోగుల విషయంలో స్థానిక వైద్యులు దూరపు వైద్యుడికి నామమాత్రపు అధికారమే ఇచ్చారన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే మా దగ్గర మొదటి మూడు నెలలూ అదే జరిగింది. రక్తపోటు పడిపోతున్నదని తెర మీది వైద్యుడు చెప్పినా, రక్తపోటును పెంచే నార్‌అడ్రినలిన్ మందు మోతాదు పెంచడానికి ఇంట్లో నిద్రపోతున్న మా పెద్ద డాక్టరుగారికి ఫోను చేయవలసి వచ్చేది. అత్యవసరంలో నేరుగా ఆదేశాలు ఇవ్వవచ్చని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఈ సేవ నిజంగా మాకు పనికి వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. మా పాత వెంటిలేటర్ల అంకెలు కేంద్రానికి చేరవు కాబట్టి, నర్సులు వాటిని చార్టులో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి రాయవలసి వస్తున్నది. ఇద్దరే నర్సులున్న రాత్రి అది చిన్న భారం కాదు. ఒకసారి కేంద్రంలోని వైద్యుల డ్యూటీ మారే సమయంలో మీట నొక్కి ఇరవై నిమిషాలు ఎదురుచూశాం, ఆ ఇరవై నిమిషాలను నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఇక కెమెరాతో శ్వాసనాళంలోకి గొట్టం వేయడం కుదరదు, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే సన్నని గొట్టం) పెట్టడమూ కుదరదు. ఆ పనులు చేయగల చేతులు పడక దగ్గర లేనిచోట ఈ సేవ రోగిని పెద్ద ఆసుపత్రికి ఎప్పుడు పంపాలో చెప్పడానికి ఉపయోగపడుతుందే తప్ప, అంతకు మించి ఆశించకూడదు.

ఈ లోపాలన్నీ చూశాక కూడా నేను దీన్ని వదులుకోను, ఇతర చిన్న ఆసుపత్రులకూ తీసుకోమనే చెబుతాను. అయితే సంతకం చేసే ముందు, రాత్రి ఒక్కో వైద్యుడు ఎన్ని పడకలు చూస్తారో, కేంద్రంతో కలిపే లైను తెగితే రెండో దారి ఏమిటో, ఎవరి ఆదేశం చెల్లుతుందో కాగితం మీద రాయించుకోండి.