శివనాథ్ మారథానా, సాబ్లే స్టీపుల్‌చేజా?

మహారాష్ట్రలోని సిరొంచలో పోలీస్ భర్తీ కోసం తెల్లారకముందే రోడ్డెక్కే మన పిల్లల లోకమంతా భర్తీ పరీక్షలోని ఆ 1600 మీటర్ల పరుగే. వాళ్లకు ఒక్క పరుగు గురించి చెప్పాలంటే ఏది చెప్పాలి? నా మనసులో రెండున్నాయి. రెండూ ఆర్మీ జవాన్లవే.

శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో మారథాన్‌ను 2 గంటల 12 నిమిషాల్లో ముగించాడు. ఆ జాతీయ రికార్డును 40 ఏళ్లకు పైగా ఎవరూ చెరపలేకపోయారు. ఉత్త కాళ్లతో పరుగెత్తడం ఆయనకు అలవాటు. (పిల్లలూ, తారు రోడ్డు మీద మీరు మాత్రం ఆ పని చేయకండి.)

అవినాష్ సాబ్లే బీడ్ జిల్లా రైతుబిడ్డ, సియాచిన్‌లో డ్యూటీ చేసినవాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌కు దిగాడు. అందులో 28 సార్లు అడ్డంకి, ఇంకో 7 సార్లు నీళ్ల గుంట దాటాలి. 1998 నుంచి అప్పటిదాకా కామన్వెల్త్‌లో ఆ పోటీ మూడు పతకాలూ కెన్యాకే వెళ్తూ వచ్చాయి. చివరి అడ్డంకి దాటాక కూడా సాబ్లే వదల్లేదు. కెన్యా రన్నర్ కిబివోట్ 8:11.15, సాబ్లే 8:11.20. బంగారం పోయింది సెకనులో 5 వందోవంతుల తేడాతో! రజతంతో పాటు జాతీయ రికార్డూ దక్కింది.

రికార్డు బరువు చూస్తే శివనాథ్‌దే పైచేయి. అయినా మన పిల్లలకు నేను సాబ్లే పరుగే చూపిస్తాను. దాని వీడియో ఫోన్‌లో దొరుకుతుంది. భర్తీలో మార్కులు తేలేది కూడా అలాంటి చివరి 100 మీటర్లలోనే.