చూపు నరానికి విద్యుత్ ప్రేరణ: సిరిపురంలోని ఒక కేంద్రంపై సమీక్ష

గ్లకోమాతో చూపు నరం దెబ్బతిన్న మా నాన్నగారిని విశాఖపట్నం సిరిపురంలో విద్యుత్ ప్రేరణ చికిత్స చేసే ఒక చిన్న కేంద్రానికి తీసుకువెళ్లాము. పేస్‌మేకర్ ఉందా, మూర్ఛ వచ్చిందా అని ముందే అడిగి, దృష్టి క్షేత్ర పరీక్ష (చూపు నిలిపి ఉంచినప్పుడు చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో చూసేది) చేశాకే వారు చికిత్స మొదలుపెట్టడం నాకు ఎంతో నచ్చింది. కళ్ల దగ్గర ఎలక్ట్రోడ్లు అమర్చి బలహీనమైన ఏకాంతర (దిశ మారుతూ ఉండే) విద్యుత్తును పంపుతున్నంతసేపూ కళ్లు మూసుకున్నా వెలుగు మిణుకుమిణుకుమంటూ కనిపించిందనీ, నొప్పి మాత్రం లేదనీ నాన్నగారు చెప్పారు.

అయితే, పోయిన చూపు తిరిగి వస్తుందని వారి కరపత్రంలో రాయడాన్ని నేను అంగీకరించలేను. చూపు నరంలో సుమారు 10 లక్షలకు పైగా తంతువులు ఉంటాయి, చనిపోయినవి మళ్లీ పెరగవు; మిగిలిన తంతువుల నుంచి వచ్చే సంకేతాలను మెదడు మరింత బాగా వాడుకునేలా చేయడమే ఈ చికిత్స ఆశయం. జర్మనీలో 82 మందిపై జరిపి 2016లో ప్రచురించిన ప్రయోగ పరీక్షలో దృష్టి క్షేత్రం సగటున 24 శాతం మెరుగుపడగా, పోలిక కోసం ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో అది 2.5 శాతమే; ఆశ కలిగించే ఫలితమే గానీ, అంత చిన్న పరీక్షతో ఎవరికీ హామీ ఇవ్వకూడదు.

నాన్నగారికి వెలుగు కాస్త స్పష్టంగా తెలుస్తున్నా, దృష్టి క్షేత్ర పరీక్ష పటంలో పెద్ద తేడా రాలేదు, ఆ సంగతి కేంద్రంవారే నిజాయితీగా చూపించారు. వెళ్లదలచినవారు రుసుము మొత్తాన్ని ముందే రాయించుకోవాలి, కంటి పీడనాన్ని తగ్గించే చుక్కల మందును మాత్రం ఏ కారణంగానూ ఆపకూడదు.