ఎన్‌పీకే సెన్సర్ కొనేముందు ఇది చదవండి: డేటా బ్రహ్మాండంగా వస్తుంది, కానీ అది నత్రజని కాదు

మట్టిలో గుచ్చగానే నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంతున్నాయో చెప్పేస్తుందని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, అయిదు స్టీలు ముళ్లు, నల్ల డబ్బా, నాలుగు వైర్లు ఉండే సెవెన్ ఇన్ వన్ సాయిల్ సెన్సర్, దాని గురించే ఈ పోస్టు. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుకి కొందామనుకుంటున్నవాళ్లు, మా లాగా ఊళ్లో పొలం ఉండి ఏదో చేద్దామని ఉబలాటపడేవాళ్లు ముందు ఇది చదివి తర్వాత డబ్బు కట్టండి. నావి 6,400 పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ అంకెలు నమ్మి మా నాన్న ఎరువు తగ్గించేసేవాడే, అది తలచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది పల్నాడు, మిరప వేస్తాం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. మట్టి నమూనా ల్యాబ్‌కి పంపితే రిపోర్టు వచ్చేసరికి దుక్కి అయిపోతోందని ప్రతి ఏడూ నాన్న గొణుగుడు. అలాంటప్పుడు "ల్యాబ్ అక్కర్లేదు, రియల్ టైమ్ ఎన్‌పీకే" అన్న లిస్టింగ్ కనబడితే ఎవరైనా ఆగుతారా? నేనూ ఆగలేదు. ఈఎస్‌పీ32 బోర్డు (చిన్న కంప్యూటర్ లాంటి చిప్పు) ఇంట్లో ఉంది, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి సెన్సర్ సంకేతాల్ని ఆ బోర్డుకి అర్థమయ్యేలా మార్చే మ్యాక్స్485 మాడ్యూల్ ఒకటి తెచ్చుకున్నాను, పార్సిల్ రాగానే కూర్చున్నాను.

నాలుగు రాత్రులు పట్టింది ఒక్క అంకె రావడానికి. లిస్టింగ్‌లో బాడ్ రేట్ (సెన్సర్ డేటా పంపే వేగం) 9600 అని రాశారు, నాకొచ్చిన సెన్సర్ మాట్లాడేది 4800లో. దానికే ఒక రాత్రి. డేటా వెళ్లే ఏ, బీ వైర్లు తిరగేసి పెట్టుకోవడం ఇంకో రాత్రి (పసుపు ఏ, నీలం బీ అని కాగితంలో ఉంది, అయినా తిరగేశాను, అది నా ఖర్మ). తర్వాత మ్యాక్స్485 అయిదు వోల్టుల మాడ్యూల్ కదా, సెన్సర్ జవాబు బయటికొచ్చే దాని ఆర్‌ఓ పిన్నుని నేరుగా ఈఎస్‌పీ32కి ఇవ్వకూడదు, అది 3.3 వోల్టుల చిప్పు. ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్ రెసిస్టర్లతో తగ్గించి ఇచ్చాను. చివరి తలనొప్పి డీఈ పిన్ను, అంటే మాడ్యూల్‌ని పంపే వైపుకి తిప్పే స్విచ్చు లాంటిది. ఈ సెన్సర్ వాడే ఆర్‌ఎస్485 వైర్ల పద్ధతిలో ఒకరు మాట్లాడితే ఒకరు వినాలి, నేను పంపిన ఆఖరి బైటు ఇంకా వైరులోకి పూర్తిగా వెళ్లకముందే డీఈని దించేస్తున్నాను, సెన్సర్‌కి నా ప్రశ్నే సగం వినపడి ఊరుకుంటోంది. దించేముందు ఒక ఫ్లష్ (బైట్లన్నీ వెళ్లేదాకా ఆగమనే ఆదేశం) పెట్టాను, అంతే, కదిలింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీకు డేటా రాకపోతే అది సెన్సర్ తప్పని అనుకోకండి, చాలావరకు ఈ నాలుగింట్లో ఏదో ఒకటే అయ్యుంటుంది. అసలు గోల డేటా వచ్చాక మొదలవుతుంది.

పంపాల్సిన ప్రశ్న ఎనిమిది బైట్లు: 01 03 00 00 00 07 04 08. అంటే ఒకటో నంబర్ పరికరమా, సున్నా నుంచి ఏడు రిజిస్టర్లు (ఒక్కో అంకె దాచే గళ్లు) చదివి చెప్పు అని. చివరి రెండూ సీఆర్‌సీ, దారిలో బైట్లు చెడ్డాయో లేదో సరిచూసుకునే లెక్క. జవాబు 19 బైట్లు, 4800 బాడ్‌లో సుమారు 40 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. తేమ, ఉష్ణోగ్రత పదితో హెచ్చించి పంపుతుంది, తర్వాత ఈసీ (మట్టిలో కరెంటు ఎంత బాగా పారుతుందో చెప్పే అంకె, కరిగిన ఉప్పులు ఎక్కువైతే పెరుగుతుంది), పీహెచ్, ఆ తర్వాత వరసగా ఎన్, పీ, కే. సెకనుకి ఒకసారి అడుగుతూ ప్రతి జవాబుకీ సీఆర్‌సీ లెక్కేసి చూస్తే ఒక్కటంటే ఒక్కటి తప్పు రాలేదు. ఆ రాత్రి నాకు పండగే. ఇంత శుభ్రంగా వస్తున్న డేటా అబద్ధమవుతుందని ఎలా అనుకుంటాం చెప్పండి? కానీ సీఆర్‌సీ చెప్పేది ఉత్తరం దారిలో చిరగలేదని మాత్రమే. లోపల రాసింది నిజమా కాదా దానికేం తెలుసు?

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పట్టుకెళ్లాను. వచ్చే పంట నాటికి లెక్కలు చూసుకుందామని పొలంలో నాలుగు చోట్ల గుచ్చాను. మామూలు నల్లరేగడిలో ఈసీ 310, నత్రజని 31, భాస్వరం 43, పొటాష్ 87 అని వచ్చింది. బోరు నీళ్లు నిలిచే పడమటి మూలకి వెళ్లి గుచ్చితే నత్రజని 124, భాస్వరం 174, పొటాష్ 347! నాన్నని పిలిచి ఫోన్‌లో చూపించి, మన చేలో అన్నిటికంటే బలమైన మట్టి ఇదే అన్నాను. ఆయన నన్నోసారి, ఫోన్‌నోసారి చూసి, "ఆ మూల తుంగ కూడా మొలవదు కదరా, చవుడు" అన్నాడు. చవుడంటే ఉప్పులు పేరుకుపోయిన నేల. నాకు నోట మాట రాలేదు. అయినా కొడుకు మీద గౌరవమో ఏమో, సాయంత్రం మళ్లీ ఆయనే అడిగాడు, మిగతా చేలోనూ పర్లేదని నీ మిషన్ చెబుతోంది కదా, వచ్చే పంటకి డీఏపీ రెండు కట్టలు తగ్గిద్దామా అని. అప్పుడు పట్టుకుంది టెన్షన్.

హైదరాబాద్ వచ్చాక ఏడు అంకెల్నీ సీరియల్ ప్లాటర్‌లో గీతలుగా పెట్టాను. బాల్కనీలో తులసి కుండీలో గుచ్చి చెంబుడు నీళ్లు పోశాను. తేమ పెరిగింది, సరే. ఈసీ పెరిగింది, అదీ సరే, తడి మట్టిలో కరెంటు బాగా పారుతుంది. కానీ అదే క్షణంలో నత్రజని, భాస్వరం, పొటాష్ మూడు గీతలూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు పైకి లేచాయి. నీళ్లు పోస్తే పొటాష్ పుడుతుందా? డేటాని ఫైల్‌లోకి తీసి భాగాహారం చేస్తే ప్రతి వరసలోనూ అదే లెక్క. ఈసీని పదితో భాగిస్తే నత్రజని, 0.14తో హెచ్చిస్తే భాస్వరం, 0.28తో హెచ్చిస్తే పొటాష్. పైన పొలం అంకెలకీ వేసి చూసుకోండి. మీ సెన్సర్‌లో గుణకాలు వేరే ఉండొచ్చు, తంతు మాత్రం ఇదే. సెన్సర్ కొలుస్తున్నది ఒక్క ఈసీ. మిగతా మూడూ దాన్నే మూడు పేర్లతో అమ్మడం. మాన్యువల్ మళ్లీ తీసి చూస్తే చివర్లో నత్రజని గుణకం, ఆఫ్‌సెట్ (పైన కలిపే అంకె) మనమే మార్చుకునే రిజిస్టర్లు కూడా ఉన్నాయి. అంటే నత్రజని ఎంత చూపించాలో మనమే రాసి పెట్టుకోవచ్చన్నమాట!

ఇంకా అనుమానం ఉన్నవాళ్లు వంటింట్లోనే తేల్చుకోవచ్చు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గ్లాసులో పోసి ముళ్లు ముంచండి, మూడూ సున్నా దగ్గర ఉంటాయి. చిటికెడు కల్లుప్పు వేసి కలపండి. (ప్యాకెట్ ఉప్పులో అయోడిన్ కోసం పొటాషియం అయోడేట్ లేశమాత్రం కలుపుతారు, రేపు ఎవరో దాన్ని పట్టుకుని వాదించకుండా కల్లుప్పు అంటున్నా.) ఉప్పంటే సోడియం, క్లోరిన్, అందులో నత్రజని ఎక్కడిది? నా సెన్సర్ మాత్రం మూడు పోషకాలూ దండిగా ఉన్నాయంది. తర్వాత గ్లాసు, ముళ్లు కడిగేసి, కొత్త నీళ్లలో అర చెంచా యూరియా కలిపాను. యూరియాలో 46 శాతం నత్రజనే. నత్రజని గీత దాదాపు కదల్లేదు! ఎందుకంటే యూరియా నీళ్లలో కరిగినా అయాన్లుగా విడిపోదు, కరెంటుని మోయదు. ఉప్పు నీళ్లలో నత్రజని ఉందట, యూరియా నీళ్లలో లేదట. వాపుని చూసి బలుపనుకోవడం అనే సామెతకి ఇంతకంటే మంచి యంత్రం దొరకదు.

ల్యాబ్‌లో దీనికి ఎందుకంత టైం పడుతుందో అప్పుడర్థమైంది. భాస్వరానికి సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో మట్టి నుంచి లాగాలి, పొటాష్‌కి అమోనియం ఎసిటేట్, ఆ తర్వాత ఫ్లేమ్ ఫొటోమీటర్, నత్రజనికి పర్మాంగనేట్‌తో స్వేదనం. ఒక్కోదానికి ఒక్కో మందు. పైగా భాస్వరం చాలావరకు మట్టి రేణువులకి అతుక్కునే ఉంటుంది, నీళ్లలో కరిగేది బహు తక్కువ. రెండు స్టీలు ముళ్ల మధ్య కరెంటు పంపి దాన్ని పట్టుకోవడం అయ్యే పని కాదు. పీహెచ్ సంగతి కూడా అంతే అనుమానం, సరిగ్గా కొలవడానికి మామూలుగా గాజు ఎలక్ట్రోడ్ వాడతారు, ఇందులో లేదు.

అమ్మినవాళ్లకి వీడియోతో సహా పంపాను. జవాబు: "సార్, డేటా వస్తోంది కదా, ప్రాడక్ట్ వర్కింగ్." ఉప్పు నీళ్ల సంగతి అడిగితే "సెన్సర్ మట్టి కోసం, నీళ్ల కోసం కాదు సార్". చవుడు మూల ఫొటో పంపితే "కాలిబ్రేషన్ మీరు చేసుకోవాలి". మరి ల్యాబ్ అక్కర్లేదని రాశారు కదా అంటే ఆ మాటకి మాత్రం సమాధానం లేదు, తర్వాతి కొనుగోలుకి పది శాతం కూపన్ ఇస్తామన్నారు. దాంతో ఇంకో సెన్సర్ కొనాలేమో! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఇంకా నడుస్తోంది. కొన్న రోజు లిస్టింగ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం ఇక్కడ పనికొచ్చింది, ఎందుకంటే నా ఫిర్యాదు తర్వాత ఆ "ల్యాబ్ అక్కర్లేదు" అన్న మాట పేజీలోంచి మాయమైంది.

కొనక తప్పదనుకుంటే అమ్మేవాళ్లని ఒకే ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: నత్రజనిని నేరుగా కొలుస్తుందా, ఈసీ నుంచి లెక్కగడుతుందా? సూటిగా చెప్పకుండా డేటాషీట్ పంపుతామంటే అర్థమైపోతుంది. వెల ఎక్కువైతే మంచిదనుకోకండి, ఈ ముళ్లతో ఉన్నదేదైనా చేసేది ఇదే.

ఇప్పటికే కొనేసిన బీటెక్ ప్రాజెక్టు బ్యాచ్‌లు ఉంటే, రివ్యూలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గ్లాసుడు ఉప్పు నీళ్లు తెప్పిస్తే దొరికిపోతారు, అందుకని టైటిల్‌లోంచి ఎన్‌పీకే తీసేసి తేమ, లవణీయత అని పెట్టుకోండి. తేమ, ఉష్ణోగ్రత పనికొస్తాయి, ఈసీ కూడా చవుడు ఎక్కడుందో చెప్పడానికి బానే ఉంది, మా పడమటి మూలని కరెక్టుగానే పట్టుకుంది కదా, పేరే తప్పు చెప్పింది. తేమ, ఉష్ణోగ్రత, ఈసీ మాత్రమే అడిగేలా నేను కోడ్‌లో ఏడుని మూడు చేశాను, 01 03 00 00 00 03, సీఆర్‌సీ 05 సీబీ. డ్రిప్ వాల్వ్ పక్కన పెట్టి వచ్చాను, తేమ చూసి మోటార్ వేసుకుంటున్నాడు నాన్న. డీఏపీ తగ్గించలేదు, మట్టి నమూనా ల్యాబ్‌కి పంపాం.