మొక్కల కోసమైతే కూనూరులో దిగండి

మే నెలలో గుంటూరులో మా డాబా మీద కుండీలు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అమ్మ వాటికి పాత చీరలతో నీడ కట్టి రోజుకు మూడుసార్లు నీళ్లు పోస్తుంది. కడియం నర్సరీల నుంచి పెద్ద పెద్ద గుత్తులుగా పూసే హైడ్రాంజియా మొక్కను మూడుసార్లు తెచ్చి పెట్టింది, ఒక్కటీ వేసవి దాటలేదు. "అది హాయిగా బతికే చోటెలా ఉంటుందో ఒక్కసారి చూడాలే" అని ఎన్నేళ్లుగానో అంటోంది. ఈ వేసవిలో కుండీలు పక్కింటి వాళ్లకు అప్పగించి, ఇద్దరం శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు వెళ్లాం.

ఊటీ, కూనూరు ఉన్న నీలగిరి జిల్లాలోకి సొంత కారులోగానీ ట్యాక్సీలోగానీ వెళ్లేవాళ్లకు 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి. మద్రాసు హైకోర్టు ఆదేశం మీద పెట్టారు. ప్రభుత్వ బస్సులో వెళ్లేవాళ్లకు అది అక్కర్లేదు. ఈ సంగతి తెలిసి కూడా అమ్మ మోకాళ్ల నొప్పి తలుచుకుని, ఊటీ లాడ్జి వాళ్ల దగ్గరే కారు, గది, చుట్టుపక్కల చూపించడం అన్నీ కలిపి ప్యాకేజీ తీసుకున్నాను. అదే పొరపాటు అయింది. రాత్రికి 4,500 రూపాయలు తీసుకుని ఇచ్చిన గదిలో గోడలకు చెమ్మ. వేడినీళ్లు పొద్దున గంటసేపే వచ్చాయి. దుప్పటి ఇంకోటి అడిగితే తెచ్చి ఇవ్వడానికి రెండు గంటలు పట్టింది. అంతకంటే బాధ కలిగించింది డ్రైవర్ పద్ధతి. ఒక్క రోజులో ఏడు చోట్లు చూపించాలట. బొటానికల్ గార్డెన్ గేటు దగ్గర దించి "నలభై ఐదు నిమిషాలు" అన్నాడు.

55 ఎకరాల తోట అది. 1848లో మెక్‌ఐవర్ అనే బ్రిటిష్ తోటమాలి దొడ్డబెట్ట కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కించి మొదలుపెట్టాడు. దాన్ని నలభై ఐదు నిమిషాల్లో ఏం చూస్తాం? పైగా ఆదివారం, పుష్ప ప్రదర్శన రోజులు. పూలకుండీల వరసల ముందు సెల్ఫీల కోసం తోపులాట. అమ్మ ఒక చెట్టు బోర్డు చదవమని నన్ను అడిగేలోపే వెనక నుంచి జనం నెట్టేశారు. గులాబీ తోటలో కూడా ఇదే హడావిడి. 1995లో, వందో పుష్ప ప్రదర్శన గుర్తుగా వేసిన తోట అది. గులాబీలంటే ప్రాణమిచ్చేవాళ్లు తప్పకుండా వెళ్లండి, రంగులు అద్భుతం. కానీ ఎక్కడా నీడ లేదు, మెట్లు ఎక్కువ. అమ్మ సగంలోనే కూర్చుండిపోయింది.

మర్నాడు ప్యాకేజీ వదిలేసి, డబ్బు పోతే పోయిందనుకుని, బస్సెక్కి కూనూరు వచ్చేశాం. అక్కడ ఒక పెద్దావిడ తన ఇంట్లోనే రెండు గదులు అద్దెకిస్తారు. రాత్రికి 2,200, పొద్దున ఇడ్లీ, కాఫీ కలిపి. గది చిన్నదే, టీవీ లేదు, బజారుకు ఇరవై నిమిషాల నడక. అయినా బకెట్ల నిండా వేడినీళ్లు, ఉతికిన రగ్గులు, కిటికీ తీస్తే తేయాకు. ముందు నుంచే ఇక్కడ దిగాల్సింది.

ఇక సిమ్స్ పార్క్. 1874లో వేసిన ఈ తోటకు అప్పటి మద్రాసు ప్రభుత్వ కార్యదర్శి జె.డి. సిమ్ పేరు పెట్టారు. విస్తీర్ణం 12 హెక్టార్లే, అంటే దాదాపు 30 ఎకరాలు, ఊటీ తోటలో సగం కంటే కాస్త ఎక్కువ. రెండు కొండల మధ్య లోయలో ఉంటుంది కాబట్టి గేటు దగ్గర నిలబడితే ఏమీ కనిపించదు. దారి వంపులు తిరుగుతూ కిందికి దిగేకొద్దీ ఒక్కో చెట్టూ ఎదురొస్తుంది. మేం తెరిచే వేళకే వెళ్లాం. మొదటి గంట మేమూ, తోటమాలులూ, పిట్టలూ తప్ప ఎవరూ లేరు.

కొబ్బరిచెట్టులా నిలబడ్డ ఫెర్న్ చెట్టు కింద అమ్మ చాలాసేపు ఆగిపోయింది. మన దగ్గర కుండీలో అరచేతంత ఉండే ఫెర్న్ అక్కడ మన తల మీద గొడుగు పడుతుంది. రుద్రాక్ష చెట్టు దగ్గర చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. శ్రీశైలంలో కొన్న రుద్రాక్షమాల ఆమె మెడలో ఎప్పుడూ ఉంటుంది కానీ, ఆ గింజ నీలం రంగు పండు లోపల ఉంటుందని అప్పటిదాకా తెలియదు. నాకూ తెలియదు.

హైడ్రాంజియాలు దారి పక్కనే, ఒక్కో గుత్తి పళ్లెమంత, ముదురు నీలంలో. "మనింట్లో గులాబీ రంగు పూసిందేమే?" అంది అమ్మ. నేల పుల్లగా, అంటే ఆమ్ల గుణంతో ఉంటే అందులోని అల్యూమినియం వేళ్లకు అందుతుంది, పువ్వు నీలంగా వస్తుంది. అదే మొక్క సున్నం ఎక్కువున్న మట్టిలో గులాబీ రంగు పూస్తుంది. తేయాకుకూ పుల్లటి నేలే కావాలి. రెండూ ఇక్కడ ఇంత బాగా పెరగడానికి అదీ ఒక కారణం. నేల సంగతి సరే, రాత్రిళ్లు ఆ చల్లదనం లేకపోతే మనమేం చేసినా లాభం లేదని అమ్మకు అక్కడే అర్థమైంది.

బుధవారం మొదటి బస్సులో మళ్లీ ఊటీ తోటకు వెళ్లాం, ఈసారి మా ఇష్టప్రకారం. రెండు కోట్ల ఏళ్ల నాటి, రాయిగా మారిన చెట్టు మొద్దును ఎవరూ అడ్డు లేకుండా చూశాం. ఆకులే ముళ్లయిన మంకీ పజిల్ చెట్టునూ, కాగితంలా పొరలు ఊడే బెరడున్న చెట్టునూ తడిమి చూశాం. కాబట్టి ఊటీ తోట వద్దని నేను అనను. మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి, పది దాటాక బయటికొచ్చేయండి. కూనూరుకు తిరుగు ప్రయాణం చిన్న రైల్లో చేశాం. మేట్టుపాళయం నుంచి ఎక్కే ఆవిరి బండికి సీజన్‌లో టికెట్లు దొరకడం కష్టం. ఊటీ, కూనూరు మధ్య డీజిల్ బండికి మాత్రం స్టేషన్‌లో నిలబడి తీసుకోగలిగాం.

రైలు కిటికీలోంచి కొండల నిండా కనిపించినవి మనం తెలుగులో నీలగిరి చెట్లనే యూకలిప్టస్‌లు. పేరు ఈ కొండలదే అయినా చెట్టు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అసలు ఈ నేల సొంత అడవి షోలా, లోయల్లో పొట్టిగా, గుబురుగా ఉంటుంది. అది ఇప్పుడు కొద్దిగానే మిగిలింది. తోటల్లో విదేశీ చెట్లకున్నన్ని బోర్డులు షోలా చెట్లకు కూడా పెట్టాలని నాకు గట్టిగా అనిపించింది.

వెళ్లేవాళ్లు స్టీలు సీసాలు తీసుకెళ్లండి, జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం. స్వెటర్ మే నెలలో కూడా కావాలి. భోజనం సంగతికొస్తే పెద్దగా ఇబ్బంది పడలేదు, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ రాత్రి పెరుగన్నంలోకి సరిపోయింది.

బయల్దేరే రోజు ఆ పెద్దావిడ వరండాలో బుట్టకమ్మల్లా వేలాడే ఫ్యూషియా కుండీ నుంచి ఒక కొమ్మ విరిచి ఇవ్వబోయారు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "వద్దమ్మా, మా ఎండకు చచ్చిపోతుంది. ఇక్కడే ఉండనీ" అంది తెలుగులోనే. ఆవిడకు తమిళం తప్ప రాదు, అయినా తలూపారు. బస్సు టైమయ్యేదాకా అమ్మ ఆ కుండీ పక్కనే కూర్చుంది.