గద్వాలలో దొరికిన రైలు కిటికీ

పట్టాల మధ్య దూరం మీటరే ఉండే మీటర్ గేజి రోజుల నాటి రైలు పెట్టెల భాగాలు మన వైపు ఏమైనా మిగిలాయేమో చూడాలని నేను, మా తమ్ముడు నల్లగొండ నుంచి బస్సులో మహబూబ్‌నగర్ చేరుకున్నాము. బస్టాండు దగ్గర దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది కానీ, వేడినీళ్లు రెండుసార్లు అడిగితే గాని రాలేదు. మర్నాడు పొద్దున గద్వాల ప్యాసింజర్ ఎక్కాము. టికెట్టు ధర చాలా తక్కువ; వనపర్తి రోడ్ దాటాక కృష్ణ మీది వంతెన ఒక్కటి చూసినా ఆ ప్రయాణం దండుగ కాదు.

గద్వాలలో ఒక వడ్రంగి కొట్టులో చెక్క పట్టీల కిటికీ తలుపు కనిపించింది. పైన ఎర్రటి రంగు, గోరుతో గీకితే అడుగున మరో రంగు, దాని కింద నూనె ఇంకిన టేకు. వెనకవైపు ఉలితో చెక్కిన అంకెల్లో రెండు మాత్రమే చదవగలిగాను. "పాత సామాన్లాయన దగ్గర తూకానికి కొన్న సార్, పూజగది తలుపుకు పనికొస్తది" అన్నాడాయన. ఏ పెట్టెదో చెప్పే ఆధారం ఆ తూకంతోనే పోయింది.

నాకు బాధ కలిగించింది ఇదే. కిందటేడు మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లినప్పుడు కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వేలో ప్రయాణించాను. మూతపడిన ఆ 8 కిలోమీటర్ల మార్గాన్ని అభిమానులే 1968లో తిరిగి నడిపించారు. దాని ఇంగ్రో స్టేషన్ దగ్గరి మ్యూజియంలో 19వ శతాబ్దపు చెక్క పెట్టెలు ఉన్నాయి. అలాంటి పెట్టెకు కిటికీల కింద నీరు నిలిచి చెక్క కుళ్లిపోతుంది, పైకప్పు మీది కాన్వాసు చీలుతుంది. బాగుచేయడానికి ఏళ్లు, బోలెడంత డబ్బు కావాలి. అందుకే అక్కడి సంరక్షకులు తమకు అక్కరలేని పిడులు, లగేజీ అరలు, దీపపు బుడ్లు అమ్మి, ఆ సొమ్మును మరో పెట్టె మరమ్మతుకు వాడుకుంటారు. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్‌లోనూ చిన్న రైల్వే మ్యూజియం ఉంది. అక్కడ ఇలా పాత భాగాలు అమ్మే కౌంటరు ఒకటి పెట్టి, ప్రతి భాగానికీ పెట్టె నంబరుతో రసీదు ఇస్తే మొదట కొనేది నేనే.

వడ్రంగి చెప్పిన ధరకు ఆ తలుపు కొన్నాను. తిరుగు బస్సులో కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టి, గీతలు పడకుండా తన గోనెసంచి పరిచి మరీ వెనక సీటు కింద పెట్టించాడు.