శాతం తర్వాత, ముందు లెక్క చూపించండి: అఫిలియేట్ ప్రోగ్రాములపై నా సమీక్ష

వెబ్ హోస్టింగ్, సాఫ్ట్‌వేర్, చిన్న ఎలక్ట్రానిక్ వస్తువులు కొని, వాడి, వాటి గురించి రాయడం నా పని. ఆ రాతల్లో ఇచ్చిన లింకు ద్వారా ఎవరైనా కొంటే కమీషన్ వస్తుంది. కొన్నేళ్లుగా నా ఆదాయంలో పెద్ద భాగం ఇదే. సొంతంగా ప్రోగ్రామ్ నడుపుకునే కంపెనీలతో పనిచేశాను, కంపెనీకీ మనకూ మధ్య ఉండే నెట్‌వర్క్‌లతోనూ పనిచేశాను. కొత్తగా చేరాలనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది ‘ఎవరు ఎంత శాతం ఇస్తారు?’ అని. ఇన్నాళ్లు వాడాక నేను ముందు చూసేది మాత్రం వేరు. కమీషన్ పోయినప్పుడు ఎందుకు పోయిందో ఆ ప్రోగ్రామ్ చెప్తుందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

కమీషన్ పోయే దారులు చాలా ఉన్నాయి. మొదటిది గడువు. 1996లో మొదలైన అమెజాన్ సొంత అఫిలియేట్ ప్రోగ్రామ్, అమెజాన్ అసోసియేట్స్‌నే తీసుకోండి. లింకు నొక్కిన 24 గంటల్లోపు కొనాలి, లేదా కార్ట్‌లో పెట్టాలి. కార్ట్‌లో పెడితే మామూలుగా 90 రోజుల వరకు సమయం ఉంటుంది. పాఠకుడు రెండు రోజులు ఆలోచించుకుని నేరుగా సైట్‌కి వెళ్లి కొంటే మనకేమీ రాదు. ఖరీదైన వస్తువుల మీద రాసేవాళ్లకు ఇది పెద్ద దెబ్బే. అయినా నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది కాబట్టి నాకు ఫిర్యాదు లేదు.

రెండోది బ్రౌజర్లు. పాఠకుడు ఎవరి లింకు నుంచి వచ్చాడో గుర్తుపెట్టుకోవడానికి చాలా ప్రోగ్రాములు బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న ఫైలు పెడతాయి. మనల్ని సైట్ నుంచి సైట్‌కి వెంబడించే ట్రాకర్లుగా తెలిసినవాటి కుకీలను, ఎవరూ సెట్టింగ్ మార్చకుండానే ఆపేయడం ఫైర్‌ఫాక్స్ 2019లో మొదలుపెట్టింది. ఐఫోన్లలో ఉండే సఫారీ 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుకీలను, అంటే మనం చూస్తున్న సైట్ కాక వేరే సంస్థ పెట్టేవాటిని, పూర్తిగా ఆపేసింది. పాఠకుల గోప్యతకు ఇది మంచిది, నేను దీన్ని సమర్థిస్తాను. ఇక్కడ చూడాల్సింది ప్రోగ్రామ్ ఏం చేసిందన్నది. ప్రతి క్లిక్‌కి ఒక నంబరు ఇచ్చి, అమ్మకం జరగగానే కంపెనీ సర్వరే నెట్‌వర్క్ సర్వర్‌కి ఆ నంబరు పంపే పద్ధతి ఉంది. అలా చేస్తే థర్డ్ పార్టీ కుకీలతో పనే ఉండదు. నేను వాడిన ఒక నెట్‌వర్క్ ఆ పద్ధతికి మారనే లేదు. ఐఫోన్ల నుంచి క్లిక్‌లు బాగా వచ్చేవి, అమ్మకాలు మాత్రం దాదాపు కనిపించేవి కావు. అడిగితే ‘మీ ట్రాఫిక్ నాణ్యత తక్కువ’ అన్నారు. ఒక పాఠకురాలు నా లింకు ద్వారానే కొన్నానని చెప్తే, ఆమె అనుమతితో ఆర్డర్ నంబరు కూడా పంపాను. చాలా రోజులకు ‘ట్రాక్ కాలేదు’ అని ఒక్క ముక్క వచ్చింది. ఎందుకు ట్రాక్ కాలేదన్నదే కదా నా ప్రశ్న!

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టేది: లాస్ట్ క్లిక్. కొనేముందు చివరి లింకు ఎవరిదైతే కమీషన్ మొత్తం వాళ్లదే. నెల రోజులు వాడి, ఫొటోలు తీసి, లోపాలు రాసి ఒకరిని ఒప్పించినా, డబ్బు కట్టే పేజీలో ఒక కూపన్ ఎక్స్‌టెన్షన్ (డిస్కౌంట్ కూపన్లు వెతికిపెట్టేందుకు బ్రౌజర్‌కి జోడించుకునే చిన్న ప్రోగ్రామ్) తన కోడ్ పెట్టేస్తే మన పేరు చెరిగిపోతుంది. ఊరంతా తిప్పి ఇల్లు చూపించినవాణ్ని వదిలేసి, రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమ్మం దగ్గర కలిసినవాడికి కమీషన్ ఇచ్చినట్టు ఉంటుంది. 2024 డిసెంబరులో హనీ అనే ఎక్స్‌టెన్షన్ మీద సరిగ్గా ఇదే ఆరోపణ వచ్చింది. పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్న సంస్థ అది. క్రియేటర్లు కోర్టుకు వెళ్లారు. లాస్ట్ క్లిక్‌తో సహా పరిశ్రమ నియమాలనే పాటిస్తున్నామని పేపాల్ జవాబిచ్చింది. 2025 మార్చిలో గూగుల్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చింది. కొనేవాళ్లకు నేరుగా ఏదో ఒక ప్రయోజనం ఇవ్వకుండా అఫిలియేట్ కోడ్ చొప్పించకూడదంది. మంచి మార్పే. కానీ నియమమే చివరి క్లిక్‌కి పట్టం కడుతున్నప్పుడు, మొదట నమ్మకం కలిగించినవాళ్లకూ వాటా ఇవ్వాల్సిన బాధ్యత ప్రోగ్రాములది. అలా ఇచ్చేవి నాకు చాలా తక్కువ తగిలాయి.

ఇక రివర్సల్స్. వస్తువు వాపసు చేస్తే కమీషన్ వెనక్కి తీసుకోవడం న్యాయమే. డ్యాష్‌బోర్డ్‌లో పెండింగ్ ఉన్నది ఒకరోజు మాయమై, పక్కన కారణం రాసే గడే లేకపోవడం అన్యాయం.

ఇదంతా మన జేబు గొడవే కదా, చదివేవాళ్లకు ఏం సంబంధం అనిపించవచ్చు. చాలా సంబంధం ఉంది. ఆదాయానికి ఎక్కడ గండి పడుతుందో తెలియని సమీక్షకుడికి కనిపించే సులువైన దారి, ఎక్కువ ఇచ్చే కంపెనీని జాబితాలో పైకి జరపడం. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ ఫర్నిచర్ మీద కమీషన్‌ను 8 నుంచి 3 శాతానికి, కిరాణా మీద 5 నుంచి 1 శాతానికి తగ్గించింది. అంత కోత పడ్డాక ‘ఉత్తమమైన పది’ జాబితాలో వరస మార్చాలన్న ఒత్తిడి ఎంత ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

నాకు అది మరో రూపంలో వచ్చింది. ఒక హోస్టింగ్ కంపెనీ మొదటి ఏడాది ధర తక్కువ, రెన్యువల్ ధర బాగా ఎక్కువ అని సమీక్ష మొదట్లోనే రాశాను. వాళ్ల అఫిలియేట్ మేనేజర్ ఫోన్ చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారు. ‘ఆ పేరా కాస్త కిందికి జరపండి, మీ రేటు పెంచుతాం’ అన్నారు. కుదరదన్నాను. ఆ తర్వాత నా అమ్మకాలు అప్రూవ్ కావడం ఆలస్యమైంది, రివర్సల్స్ పెరిగాయి. రెండింటికీ సంబంధం ఉందని నేను అనలేను. కారణాలు రాసి ఉంటే ఆ అనుమానమే వచ్చేది కాదు. చివరికి బయటికి వచ్చేశాను. సమీక్ష అలాగే ఉంది, లింకు మాత్రం కమీషన్ లేని మామూలు లింకు.

కమీషన్ తీసుకుంటూ స్వతంత్ర సమీక్షకుల్లా నటించడం చట్టం ముందు కూడా చిన్న విషయం కాదు. గిటార్ పాఠాల డీవీడీలు అమ్మే లెగసీ లెర్నింగ్ సిస్టమ్స్ తరఫున అఫిలియేట్లు మామూలు కొనుగోలుదారుల్లా పొగడ్తలు రాశారన్న అభియోగం మీద, అమెరికాలో వినియోగదారులను మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2011లో ఆ కంపెనీ నుంచి 2,50,000 డాలర్లు కట్టించుకుంది. కమీషన్ వస్తుందన్న మాట నేను పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దాచను, మొదటి లింకు కంటే ముందే రాస్తాను. రేట్ల పట్టిక తెరవకముందే ర్యాంకులు ఖాయం చేస్తాను. పైసా రాని వస్తువు మంచిదైతే జాబితాలో పైనే ఉంటుంది, దాని పక్కన ‘దీనికి కమీషన్ లేదు’ అని రాస్తాను. దీనివల్ల ఆదాయం తగ్గిన నెలలు ఉన్నాయి. టెన్షన్ కూడా పడ్డాను. అయినా మళ్లీ వచ్చి అడిగే పాఠకులు నాకు ఉన్నారంటే దీనివల్లే.

ప్రస్తుతం నా దగ్గర మిగిలినవి ఎక్కువగా కంపెనీలు సొంతంగా నడిపే ప్రోగ్రాములు. శాతం మధ్యస్థం, డబ్బు కాస్త ఆలస్యంగా వస్తుంది. కానీ ప్రతి వరసలో క్లిక్ తేదీ, ఆర్డర్ తేదీ, రద్దయితే కారణం ఉంటాయి. ఎక్కువ శాతం చూపించి వివరాలు దాచే నెట్‌వర్క్‌ల కంటే వీటికే ఎక్కువ మార్కులు వేస్తాను. మీరు చేరబోయే ముందు మేనేజర్‌ని రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: రద్దయిన ఆర్డర్ల నివేదిక నమూనా ఒకటి పంపమనండి, కూపన్ ఎక్స్‌టెన్షన్ మధ్యలో వస్తే నా క్లిక్ ఏమవుతుందో చెప్పమనండి. జవాబు వచ్చేదాకా ఒక్క లింకు కూడా పెట్టకండి.