ఇటలీ ప్రొషూటో: చల్లగా వడ్డించడం మేలా, వేయించడం మేలా?

పంది తొడను ఉప్పు పట్టించి, నెలల తరబడి గాలికి ఆరబెట్టి, నిప్పు సెగ తగలకుండానే తినడానికి సిద్ధం చేసే మాంసాన్ని ఇటలీలో ప్రొషూటో క్రూడో అంటారు. భోజనానికి ముందు దీనితో ఏదైనా తేలికగా చేసి వడ్డించాలనుకున్నప్పుడు రెండు దారులు కనిపిస్తాయి: పండుతో కలిపి చల్లగా పెట్టడం, లేదా కూరగాయకు చుట్టి వేయించడం. పార్మా, సాన్ డనియేలే అనే ఇటలీ ఊళ్ల పేర్లతో పిలిచే ప్రొషూటో రకాలను మాత్రం పెనం మీద వేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పార్మాకు దక్షిణాన ఉన్న కొండల్లో తయారయ్యే ప్రొషూటోలో మాంసం, ఉప్పు తప్ప మరేమీ ఉండవు. కోసిన వైపు ఎండి బిగుసుకుపోకుండా పంది కొవ్వులో బియ్యప్పిండి కలిపి పూస్తారు. లోపల సరిగా పక్వమైందో లేదో గుర్రపు ఎముకతో చేసిన సూదిని గుచ్చి, దాని వాసనను బట్టి నిర్ణయిస్తారు. ఏడాదికి పైగా ఆరే ఆ కాలంలోనే మాంసకృత్తులు నెమ్మదిగా విడిపోయి, ఉప్పదనం వెనుక ఒక సన్నని తీపి ఏర్పడుతుంది. పెనం మీద వేయగానే మిగిలిన తేమ ఆవిరై ఉప్పు ముందుకు వస్తుంది, మెత్తదనం పోతుంది, అంత ఖరీదు పెట్టి కొన్న పరిమళం పొగతో పాటు పోతుంది.

అందుకే వేసవిలో బాగా పండిన ఖర్బూజా ముక్కల మీద పార్మా ప్రొషూటోను పలుచగా పరచడం కంటే మంచి పద్ధతి నాకు తెలియదు. పండు చప్పగా ఉంటే ఈ వంటకం నిలబడదు. మాంసాన్ని ఫ్రిజ్ నుంచి కొంత ముందుగా తీసి ఉంచాలి, అంచున ఉండే తెల్లని కొవ్వును కోసి పారేయకూడదు. ఫ్రియూలి ప్రాంతంలో, ఆల్ప్స్ గాలులూ ఏడ్రియాటిక్ సముద్రపు గాలులూ కలిసే చోట, గిట్టతో సహా ఆరబెట్టే సాన్ డనియేలేను నేను అత్తిపండ్లకు కేటాయిస్తాను. టూరిన్ వారి గ్రిస్సీనీ అనే సన్నని కరకర రొట్టెపుల్లలకు రెండింటిలో ఏది చుట్టినా బాగుంటుంది. కాకపోతే ముందుగా చుట్టి పెడితే పుల్లలు మెత్తబడతాయి.

వేడి వంటకమే కావాలనుకుంటే ఆల్ప్స్ ప్రాంతమైన దక్షిణ టిరోల్‌లో తయారయ్యే స్పెక్ అనే, పొగ పట్టించిన పంది తొడ మాంసాన్ని తీసుకోవడం మేలు. ఎముక తీసిన తొడకు జునిపర్ కాయలు, బిర్యానీ ఆకు జాతి ఆకులు, రోజ్‌మేరీ వంటివి పట్టించి, 20 డిగ్రీలు దాటని చల్లని పొగలో కొద్దికొద్దిగా ఉంచుతారు కనుక, ఆ పొగ రుచి పెనం వేడికి తట్టుకుంటుంది. ఆస్పరాగస్ కాడలను రెండు నిమిషాలు ఉడికించి, తడి పూర్తిగా తుడిచి, స్పెక్ చుట్టి, నాలుగైదు నిమిషాలు తిప్పుతూ కాలిస్తే చాలు. వేరే ఉప్పు వేయవద్దు.

పార్మా వారు ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి చూపించారు. తోర్తా ఫ్రిత్తా అనే గోధుమపిండి రొట్టెను పంది కొవ్వులో వేయిస్తే పూరీలా పొంగుతుంది. దాని మీద ప్రొషూటో పరిచినప్పుడు మాంసం ఉడకదు, అంచు కొవ్వు మాత్రమే కరగడం మొదలవుతుంది. అతిథులకు వేడివేడిగా ఏదైనా పెట్టాలనుకునేవారికి నేను మొదట చెప్పేది ఇదే. రొట్టెలు పళ్లెంలోకి వచ్చాక, ఎవరి ముక్క వారే పరుచుకునేలా మాంసాన్ని విడిగా ఉంచాలి.